కోరి తెచ్చుకున్న జ్వరం



ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో టీకాల మీద పరిశోధన చేసే బృందం ఒకటుంది. వాళ్ల దగ్గరికి తనంతట తానుగా వచ్చిన ఓ ఆరోగ్యవంతుడికి ముందు వంటసోడా కలిపిన నీళ్లు తాగిస్తారు. కడుపులోని ఆమ్లం తగ్గడానికి. కాసేపాగి ఇంకో గ్లాసు చేతికిస్తారు. అందులో టైఫాయిడ్ క్రిములుంటాయి, లెక్క ప్రకారం పదివేలకు పైగా. ఆ సంగతి అతనికి ముందే చెప్పారు, రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు కూడా. గటగటా తాగేసి ఇంటికి వెళ్లిపోతాడు. ఆ తర్వాత రెండు వారాలు రోజూ వచ్చి రక్తమిస్తాడు, ఇంట్లో థర్మామీటరు పెట్టుకుని జ్వరం రాసుకుంటాడు. ఒళ్లు 38 డిగ్రీల సెల్సియస్ దాటి 12 గంటలు అలాగే కాలినా, రక్తంలో క్రిమి కనబడినా వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెడతారు. ఏ జ్వరమూ రాకపోయినా సరే, పద్నాలుగో రోజున మందు మింగాల్సిందే.

టైఫాయిడ్ అంటే ఏమిటో మన ఇళ్లలో కొత్తగా చెప్పనక్కరలేదు. వారాల తరబడి జ్వరం, పథ్యం, తగ్గాక కూడా నెలరోజులు నీరసం. అలాంటిదాన్ని కోరి తెచ్చుకోవడమేమిటని మీకనిపిస్తే తప్పులేదు. దీన్ని ఛాలెంజ్ ట్రయల్ అంటారు. టీకా వేసిన మనిషికి, వేయని మనిషికి ఒకే మోతాదులో జబ్బు అంటించి, ఎవరు తట్టుకున్నారో చూడటం. మందు ఉన్న జబ్బులకే చేస్తారు, లేదా దానంతటదే తగ్గిపోయేవాటికి. ఈ పద్ధతిని ఇప్పుడు ఆఫ్రికాలో, ఆసియాలో, అంటే ఆ జబ్బులు నిజంగా మనుషుల్ని చంపే చోట్లకు తీసుకెళుతున్నారు. అది సబబేనా, ఏ షరతుల మీద సబబు, అన్నదే ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది.

ముందు లాభం సంగతి చూద్దాం. ఆక్స్‌ఫర్డ్‌లో అలా పరీక్షకు పెట్టిన టీకాల్లో ఒకటి మన హైదరాబాద్ శివారు జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన టైప్‌బార్ టీసీవీ. 2017లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. టైఫాయిడ్ టీకా వేయని 31 మందిలో 24 మందికి టైఫాయిడ్ వచ్చింది. ఈ టీకా వేసిన 37 మందిలో 13 మందికే వచ్చింది. లెక్కగడితే సుమారు 55 శాతం రక్షణ. ఇంతేనా అనిపిస్తుంది. అయితే అక్కడ రక్తంలో నాలుగు క్రిములు కనబడినా జబ్బు కిందే జమకట్టారు. మనిషి జ్వరపడి, ఆ తర్వాత రక్తంలో క్రిమి దొరికినవాళ్లనే లెక్కిస్తే, అంటే నిజజీవితంలో ఆస్పత్రికి వచ్చేవాళ్లలాంటి వారిని చూస్తే, రక్షణ 87 శాతం. ఆ ఏడాదే అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం ఈ రకం టీకాను పిల్లలకు వేయమని సిఫారసు చేసింది. ఆ తర్వాత నేపాల్‌లో 20 వేలమంది పిల్లల మీద, మలావీలో 28 వేలమంది మీద పెద్ద పరీక్షలు జరిగాయి. రెండుచోట్లా రక్షణ 80 శాతానికి అటూ ఇటూగా తేలింది. నూరుమంది పెద్దవాళ్లు రెండు వారాలు ఓపికపట్టి చెప్పిన మాటకు, వేలమంది పిల్లల మీద ఏళ్ల తరబడి చూసిన మాటకు పొంతన కుదిరింది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. 2016 చివర్లో పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలో మామూలు మందులకు లొంగని టైఫాయిడ్ పుట్టుకొచ్చింది. సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజక్షన్లకు కూడా తగ్గలేదు. అది మొదట బయటపడిన ఊరి పేరు హైదరాబాద్! అక్కడి పిల్లలకు ఆ తర్వాత వేసిన టీకా మన హైదరాబాద్‌లో తయారైనదే. 2019 నవంబరులో మామూలు టీకాల పట్టికలో టైఫాయిడ్ టీకాను చేర్చిన మొదటి దేశం పాకిస్తాన్. రెండు ప్రభుత్వాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోని రోజుల్లో టీకా సీసా మాత్రం ఈ హైదరాబాద్ నుంచి ఆ హైదరాబాద్ చేరింది.

సరే, ఆక్స్‌ఫర్డ్‌లోనే పని జరిగిపోతున్నప్పుడు పేద దేశాల దాకా ఎందుకు వెళ్లడం? అక్కడివాళ్లకు అసలే సవాలక్ష జబ్బులు, మళ్లీ మనం అంటించాలా? వినడానికి చాలా దయగల ప్రశ్న. దానికి జవాబు ఇండొనేషియాలో ఉంది.

సీవీడీ 103 అనే కలరా టీకా ఉంది. నోటితో తాగేది, ఒక్క మోతాదు చాలు. అమెరికాలో స్వచ్ఛందంగా వచ్చినవాళ్లకు టీకా తాగించి, తర్వాత కలరా క్రిమి తాగిస్తే, బ్రహ్మాండంగా కాపాడింది. ఆ ఊపులో ఉత్తర జకార్తాలో 67 వేలమందికి పైగా జనం మీద పరీక్ష పెట్టారు. ఏళ్లు గడిచాక లెక్క చూస్తే రక్షణ 14 శాతం. ఉన్నా లేనట్టే. అదే జాతి టీకాకు 2016లో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది, ఛాలెంజ్ పరీక్షల బలం మీదే. ఎవరికి? కలరా ఉన్న దేశాలకు ప్రయాణమయ్యే అమెరికన్లకు. ఆ దేశాల్లో పుట్టి పెరిగినవాళ్లకు కాదు.

ఎందుకలా జరిగింది? కలరా తిరిగే ఊళ్లో పెరిగిన మనిషి పేగు చిన్నప్పటి నుంచీ ఎన్నో క్రిముల్ని చూసి ఉంటుంది. టీకాలోని బలహీనపరచిన క్రిమి ఆ పేగులో నిలదొక్కుకోకముందే కొట్టుకుపోవచ్చు. తిండిలోపం ఉంటుంది, పేగువాపు ఉంటుంది, కడుపులో నులిపురుగులుంటాయి. జకార్తా ఫలితానికి వీటిలో ఏది ఎంత కారణమో ఇప్పటికీ వాదనే. నోటి ద్వారా ఇచ్చే టీకాలన్నిటికీ ఈ ఇబ్బంది ఎంతోకొంత ఉంది. మన దేశంలో పిల్లలకు చుక్కలుగా వేసే రోటావైరస్ టీకాలే చూడండి. ధనిక దేశాల్లో ఇలాంటి టీకాలు 85 శాతం పైన పనిచేస్తే, మన దగ్గర 55 శాతం దగ్గర ఆగుతాయి. టీకా ఆ రకమే. ఒళ్లు వేరు, ఊరు వేరు, తాగే నీళ్లు వేరు. కాబట్టి మలావీలోని బ్లాంటైర్ పిల్లవాడికి వేయాల్సిన టీకాను లివర్‌పూల్ విద్యార్థి ఒంటి మీద మాత్రమే చూసి ముద్ర వేయడం దయ అనిపించుకోదు. 67 వేలమందిని పెట్టి ఏళ్లు ఖర్చుచేసి తెలుసుకున్న సంగతిని, ఆ ఊళ్లోనే వందమందితో ముందే పసిగట్టి ఉంటే ఎంత డబ్బు, ఎంత కాలం కలిసొచ్చేది!

మలేరియా విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2012లో టాంజానియాలోని బాగమోయోలో, తర్వాత కెన్యాలో, గాబన్‌లో ఆఫ్రికా పెద్దవాళ్లకు మలేరియా అంటించి చూశారు. దీనికి దోమ కుట్టనక్కర కూడా లేదు. అమెరికాలోని సనారియా అనే సంస్థ మలేరియా పరాన్నజీవుల్ని శుద్ధిచేసి, గడ్డకట్టించి, సీసాల్లో పంపుతుంది. ఇంజక్షన్ చేయడమే. కెన్యా తీరాన కిలిఫి అనే పట్టణంలో 161 మందితో జరిగిన పరీక్షలో మలేరియా తక్కువగా ఉన్న ప్రాంతాలవాళ్లు, ఏడాది పొడుగునా ఉన్న ప్రాంతాలవాళ్లు ఇద్దరూ ఉన్నారు. ఒకే మోతాదు ఎక్కించారు. కొందరికి జ్వరం వచ్చేసింది. కొందరి రక్తంలో పరాన్నజీవి కనబడింది కానీ పెరగలేదు, వాళ్లకు ఒళ్లు కూడా వెచ్చబడలేదు. కొందరిలో అయితే జాడే లేదు. ఎన్నో ఏళ్లు మలేరియాతో కాపురం చేసిన ఒళ్లు నేర్చుకున్న విద్య అది. ఆ విద్య ఏమిటో పట్టుకుంటే టీకాకు దారి దొరుకుతుంది. ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి ఒంట్లో ఎంత వెదికినా అది దొరకదు. ఏటా ఆరు లక్షలమంది దాకా మలేరియాతో చనిపోతున్నారు, అందులో అత్యధికులు ఆఫ్రికాలో అయిదేళ్లు నిండని పిల్లలు. ఇలాంటి పరీక్ష అక్కడ జరగకపోతే ఇంకెక్కడ జరగాలి?

ఇంతదాకా బాగానే ఉంది. కానీ చరిత్ర తిరగేస్తే ఒళ్లు జలదరిస్తుంది.

1946 నుంచి 48 దాకా అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖ వైద్యులు గ్వాటెమాలా వెళ్లి ఖైదీలకు, సైనికులకు, మానసిక చికిత్సాలయంలోని రోగులకు సిఫిలిస్, గనేరియా అంటించారు. వాళ్లకు చెప్పలేదు, అడగలేదు. ఆ కాగితాలు ఒక చరిత్రకారిణి కంటపడి 2010లో లోకానికి తెలిసింది. అధ్యక్షుడు ఒబామా గ్వాటెమాలా అధ్యక్షుడికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాడు. అమెరికాలోనే మేరీలాండ్ జైల్లో 1950ల నుంచి రెండు దశాబ్దాలు ఖైదీలకు టైఫాయిడ్ క్రిమి తాగించారు. వాళ్లు ఒప్పుకునే తాగారని రికార్డులు చెబుతాయి. జైల్లో ఉన్నవాడి ఒప్పుకోలు ఎంత, దాని విలువెంత? ఆ జైల్లో వాడిన క్రిమి జాతి పేరు క్వెయిల్స్. నేను మొదట్లో చెప్పిన ఆక్స్‌ఫర్డ్ పరీక్షలో వాడింది ఆ జాతినే. శాస్త్రం ఎక్కడెక్కడి నుంచి నడిచి వచ్చిందో ఇలాంటి చిన్న చిన్న వివరాల్లో తెలిసిపోతుంది.

మన గడప దగ్గరా ఒక కథ ఉంది. బేగంపేటలో రొనాల్డ్ రాస్ పేరిట ఒక పాత భవనం ఉంది, చాలామంది చూసే ఉంటారు. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రాస్ కనుక్కున్నది సికింద్రాబాద్‌లోనే. ఆ దోమలకు రక్తమిచ్చినవాడు హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి. కుట్టిన ఒక్కో దోమకు అణా చొప్పున ముట్టజెప్పారు. అంతకు రెండేళ్ల ముందు, దోమలు చచ్చిపడిన నీళ్లు తాగితే మలేరియా వస్తుందేమోనన్న ఊహతో రాస్ ఇక్కడి మనుషుల చేత ఆ నీళ్లు తాగించి చూశాడు కూడా. ఊహ తప్పని తర్వాత తేలింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుస్సేన్ ఖాన్ తర్వాత ఏమయ్యాడో ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. వద్దు దొరా, నాకీ దోమలు వద్దు, అని అతను అనగలిగేవాడా? తెల్లదొర, మిలటరీ డాక్టరు, పైగా చేతిలో అణాలు.

నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారాన్ని కొలవాల్సింది అక్కడే. సంతకం ఉందా లేదా అన్నది రెండో సంగతి. వద్దు అనే వీలు ఆ మనిషికి నిజంగా ఉందా? మధ్యలో లేచిపోతే ఎవరికైనా కోపం వస్తుందా, వైద్యం ఆగిపోతుందా, ఊళ్లో మాట పోతుందా?

ఈ కొలత తప్పితే ఏమవుతుందో మనకు తెలుసు. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాను 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు వేశారు. సుమారు 14 వేలమందికి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో. గుజరాత్‌లోని వడోదరలోనూ అదే కార్యక్రమం. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని నిలిపివేసింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ సంఘం తేల్చింది, కారణాల్లో పాముకాటు, నీళ్లలో మునిగిపోవడం లాంటివి ఉన్నాయి. ఆ టీకా మంచిదే, ఈ మాట గట్టిగానే చెప్పాలి, లేకపోతే ఇది విన్న ఏ తల్లయినా బిడ్డకు టీకా మానేస్తుంది. కానీ ఒప్పంద పత్రాల కట్ట విప్పి చూస్తే అసలు రంగు బయటపడింది. 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. తల్లిదండ్రులు ఎక్కడో గూడెంలో ఉంటారు, పిల్ల ఆశ్రమ పాఠశాలలో ఉంటుంది, వార్డెన్ సారు వరసగా సంతకాలు పెట్టేస్తాడు. దాదాపు రెండువేల పత్రాల మీద వేలిముద్రలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీని మీద చాలా కటువుగా నివేదిక ఇచ్చింది. ఆ పిల్లల్లో ఎవరికైనా, "నాకొద్దు సార్" అనే అవకాశం ఎవరిచ్చారు? అది ఛాలెంజ్ పరీక్ష కాదు, జబ్బు ఎవరికీ అంటించలేదు, టీకా అప్పటికే అనుమతి పొందినదే. అయినా ఇంత జరిగింది. ఇక జబ్బే అంటించేచోట ఎంత జాగ్రత్త ఉండాలి?

డబ్బు సంగతికి వద్దాం. పండితులు ఎక్కువగా తగువులాడుకునేది దీని మీదే. 2021లో లండన్‌లో 36 మంది యువతీ యువకులకు ముక్కులో ఒక్క చుక్క వేసి కోవిడ్ అంటించారు. దాదాపు రెండున్నర వారాలు ఆస్పత్రి గదిలో ఒంటరిగా ఉన్నందుకు సుమారు 4,500 పౌండ్లు ఇచ్చారు. అది ప్రలోభమని పెద్దగా ఎవరూ గొడవపడలేదు. అదే కిలిఫిలో మూడు వారాలు పైబడి వార్డులో ఉండాల్సి వచ్చిన మనుషులకు రోజుకింత అని ఇస్తే, అమ్మో, పేదవాళ్లను డబ్బుతో కొనేస్తున్నారని పత్రికలు రాశాయి. చాలామంది డబ్బు కోసమే వచ్చామని దాచకుండా చెప్పారు. ఒళ్లంతా ఉచితంగా పరీక్ష చేస్తారని వచ్చామన్నవాళ్లూ ఉన్నారు. ఈ విమర్శలో సగం నిజముంది, సగం మర్యాదగా కనిపించే చిన్నచూపు ఉంది. లండన్ కుర్రాడు డబ్బు కోసం వస్తే సొంత నిర్ణయం, కిలిఫి జాలరి వస్తే మోసపోయాడా? మూడు వారాలు పడవ వేయకపోతే అతని ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? తక్కువ ఇస్తే అది దోపిడీ. పోగొట్టుకున్న కూలీ, ప్రయాణం, ఒంటికి పడే బాధ, ఇంటికి దూరమైన రోజులు, వీటికి లెక్క కట్టి ఇవ్వాల్సిందే.

మరి నిజమైన సగం ఏది? డబ్బు అవసరం మనిషి చేత అబద్ధం ఆడిస్తుంది. 2017లో కరీంనగర్ జిల్లా జమ్మికుంట ప్రాంతం నుంచి వచ్చిన వార్తలు గుర్తుండే ఉంటాయి. కొత్త మందుల పరీక్షలకు ఒళ్లు అప్పగించి డబ్బు తెచ్చుకునే యువకుల కథలు. ఒక పరీక్షకూ మరో పరీక్షకూ మధ్య ఉండాల్సిన విరామం పాటించకుండా, ఒకచోట చెప్పకుండా ఇంకోచోట చేరితే, ఆ ఒంటికి ప్రమాదం, ఆ పరీక్ష ఫలితమూ చెడుతుంది. జబ్బు అంటించే పరీక్షలో ఇది మరీ ప్రమాదకరం. పాత జబ్బు దాచినా, ఇంట్లో పసిబిడ్డ ఉందని చెప్పకపోయినా ముప్పే. దీనికి విరుగుడు డబ్బు తగ్గించడం కాదు. అంత డబ్బుకి అంతకంటే సురక్షితమైన పని మరొకటి ఆ ఊళ్లో దొరికితేనే అతని సమ్మతికి బరువొస్తుంది. అది పరిశోధకుల చేతిలో లేని పని, ఒప్పుకుంటాను. వాళ్ల చేతిలో ఉన్నది ఒకటుంది. పూర్తి డబ్బు చివరి రోజుకు అట్టిపెట్టకూడదు. ఏ రోజుకారోజు లెక్కగట్టి ఇచ్చేస్తే, అయిదో రోజున వెళ్లిపోతానన్నవాడు అయిదు రోజుల డబ్బుతో దర్జాగా వెళ్లగలడు. చివర్లో ఇస్తామంటే మాత్రం అతను బందీ అయినట్టే.

మలావీలో ఏం చేశారో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నాకు నచ్చిన పద్ధతి అక్కడే కనబడింది. మలావీ ప్రపంచంలో అతి పేద దేశాల్లో ఒకటి. నిమోనియా తెచ్చే న్యూమోకాకస్ క్రిమికి 2011 నుంచి పిల్లలకు టీకా వేస్తున్నారు. చావులు తగ్గాయి. కానీ టీకా వేసుకున్న పిల్లల ముక్కుల్లో కూడా ఆ టీకా అడ్డుకోవాల్సిన రకాలే ఇంకా నివాసముంటున్నాయని బ్లాంటైర్‌లో గమనించారు. ముక్కులో ఉంటే పక్కవాడికి అంటుకుంటూనే ఉంటుంది. టీకా అక్కడ ఎందుకు పూర్తిగా పనిచేయడం లేదు? లివర్‌పూల్‌లో స్టీఫెన్ గోర్డన్ బృందం చాలా ఏళ్ల పాటు, స్వచ్ఛందంగా వచ్చిన వెయ్యిమందికి పైగా మనుషుల ముక్కుల్లో ఈ క్రిమి చుక్కలు వేసి చూసింది. జబ్బు చేయడం వాళ్ల ఉద్దేశం కాదు. క్రిమి ముక్కులో స్థిరపడుతుందా లేదా అన్నదే ప్రశ్న. దాన్నే బ్లాంటైర్‌కు తేవాలనుకున్నారు.

తెచ్చేముందు వాళ్లు మాట్లాడారు. వైద్యులతో, మందుల నియంత్రణ అధికారులతో, నైతిక సంఘాల సభ్యులతో, ఊరి పెద్దలతో. బ్లాంటైర్‌లోనే కూర్చుని నియమాల చట్రం ఒకటి రాసుకున్నారు. ఇది ఎంత అవసరమైన పనో తెలియాలంటే 2017 సెప్టెంబరు, అక్టోబరుల్లో దక్షిణ మలావీలో ఏం జరిగిందో చూడాలి. రాత్రిళ్లు రక్తం పీల్చేవాళ్లు తిరుగుతున్నారని పుకారు లేచింది. అనుమానం మీద జనం గుంపులుగా పడి కొందరిని కొట్టి చంపారు. ఐక్యరాజ్యసమితి రెండు జిల్లాల నుంచి తన సిబ్బందిని వెనక్కి పిలిపించుకుంది. అలాంటిచోట తెల్ల కోటు వేసుకున్నవాళ్లు, జబ్బు మేమే అంటిస్తాం, రక్తం కూడా తీసుకుంటాం, అంటూ బయలుదేరితే? మూఢనమ్మకమని నవ్వి ఊరుకుంటే కుదరదు. ఆఫ్రికాలో రక్తం తీసుకెళ్లి మళ్లీ కబురు చెప్పని పరిశోధకులు ఎందరో వచ్చి పోయారు. ఆ పుకారు వెనక ఆ అనుభవమూ ఉంది.

పరీక్ష ఎలా జరుగుతుందంటే, మనిషిని వెనక్కి వాలేలా కూర్చోబెట్టి ఒక్కో ముక్కు రంధ్రంలో బొట్టుబొట్టుగా చుక్కలు వేస్తారు. మొత్తం కలిపి చెమ్చాలో పదోవంతు కూడా ఉండదు. క్రిమి పెన్సిలిన్ జాతి మందులకు తేలిగ్గా లొంగే రకం. మొదటి కొన్ని రాత్రులు ఆస్పత్రికి దగ్గర్లోనే బస. చేతికి ఒక థర్మామీటరు, అమాక్సిసిలిన్ మాత్రలు, ఏ వేళలోనైనా పలికే ఫోన్ నంబరు. కొన్ని రోజుల తేడాతో పిలిచి ముక్కులోకి ఉప్పునీళ్లు ఎక్కించి, కారిన నీళ్లను గిన్నెలో పట్టుకుని క్రిమి ఉందో లేదో చూస్తారు. వినడానికి సినిమా సాహసంలా ఏమీ లేదు కదూ! ఇంతటి మామూలు పనికి ఎన్నేళ్ల చర్చ జరిగిందో చూడండి.

చేర్చుకునే ముందు హెచ్ఐవీ పరీక్ష తప్పనిసరి. ఆ దేశంలో పెద్దవాళ్లలో హెచ్ఐవీ చాలా ఎక్కువ. టీకా పరిశోధనకని వచ్చిన ఓ పాతికేళ్ల మనిషి తాను అడగని కబురు విని తిరిగి వెళ్లొచ్చు. అతన్ని మీరు మాకు పనికిరారు అని పంపేయకుండా, చెయ్యిపట్టుకుని ఏఆర్‌టీ మందులిచ్చే గది దాకా తీసుకెళ్లాల్సిన బాధ్యత ఎవరిది? పరిశోధకులదే. టీకా కాగితాల్లో కనబడని ఖర్చు ఇది. నైతిక సంఘాలు ముందు అడగాల్సిన ప్రశ్నా ఇదే.

ఇంకో సంగతుంది, దీని గురించి చర్చ ఇంకా చాలటం లేదని నా అభిప్రాయం. పరీక్షకు ఒప్పుకున్నది ఒక్క మనిషి. కానీ ఆ క్రిమి అతని ఒంట్లోనే ఉంటుందా? ఆక్స్‌ఫర్డ్‌లో టైఫాయిడ్ తాగిన మనిషి ఇంట్లో ఫ్లష్ ఉంటుంది, మురుగు పైపు ఉంటుంది, సబ్బు ఉంటుంది. హోటళ్లలో వంట చేసేవాళ్లను చేర్చుకోరు, మలంలో క్రిమి పోయేదాకా పరీక్షిస్తూనే ఉంటారు. నాలుగిళ్లకు ఒక గుంట మరుగుదొడ్డి, ఒకే బోరింగు ఉన్న వాడలో అదే పరీక్ష చేస్తే సంతకం పెట్టని పక్కింటి పసివాడి మాటేమిటి? మలేరియాకైతే మనిషిని కుట్టిన దోమ ఇంకొకరిని కుట్టవచ్చు, కిలిఫిలో అయితే వార్డులోనే ఉంచారు. అంటే పరీక్ష పెట్టే చోట ముందు మంచి వార్డు, ల్యాబు, రాత్రిపూట డాక్టరు ఉండాలి. అవి లేని ఊళ్లో ఈ పరీక్షకు చోటు లేదు. అవి కట్టి, పరీక్ష అయిపోగానే తాళం వేసుకుని వెళ్లిపోయేవాళ్లకూ చోటు ఉండకూడదు.

చివరికి దక్కేదెవరికి? జకార్తా ప్రజల ఒంటి మీద పనిచేయని టీకా అమెరికా ప్రయాణికుల సంచిలో చేరింది. దానికి ఎదురుగా టైఫాయిడ్ టీకా కథ ఉంది. పిల్లల్ని పరీక్షకు పంపిన నేపాల్‌లో 2022లో, మలావీలో 2023లో ఆ టీకా ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా మొదలైంది. అయిదేళ్లు ఆలస్యమే, కానీ వచ్చింది. ఈ మాట పరీక్ష మొదలుకాకముందే కాగితం మీద పెట్టించుకోవాలి.

మన దేశం ఇప్పుడెక్కడుంది? గగన్‌దీప్ కాంగ్ లాంటి శాస్త్రవేత్తలు ఈ పరీక్షలు భారత్‌లోనూ జరగాలని చాలాకాలంగా అంటున్నారు. 2023లో భారత వైద్య పరిశోధనా మండలి దీని మీద ఒక విధాన పత్రం విడుదల చేసింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లతోనే చేయాలని, పిల్లల జోలికి పోకూడదని, కాలానికీ ఇబ్బందికీ తగిన పరిహారం ఇవ్వాలని, హాని జరిగితే చికిత్స, బీమా ఉండాలని అందులో రాశారు. 2013లో సుప్రీంకోర్టు మందలించాక క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు బిగిశాయి, 2019లో కొత్త నియమాలు వచ్చాయి. బలహీన వర్గాల మనిషి కొత్త మందు పరీక్షకు ఒప్పుకునేటప్పుడు ఆ సంభాషణను వీడియో తీయాలి. ఖమ్మం లాంటి చోట్ల తిన్న దెబ్బల నుంచే ఇవన్నీ పుట్టాయి.

కాగితం మీద లోటు పెద్దగా కనబడదు. నాకున్న అనుమానం వేరే. బ్రిటన్‌లో తొలిదశ మందుల పరీక్షల్లో చేరే ప్రతి ఆరోగ్యవంతుడి వివరాలు ఒక ఉమ్మడి జాబితాలో చూసుకుంటారు, ఈమధ్య ఇంకెక్కడైనా చేరాడా అని. మన దగ్గర అలాంటిది ఊరూరా పక్కాగా నడవాలి. ఫలానా పరిశోధనలో చేరానని చెప్పుకోవడానికి మనిషి సిగ్గుపడే పరిస్థితి పోవాలి, మధ్యవర్తులకు కమీషన్ ముట్టే దారి మూసేయాలి. జమ్మికుంట నుంచి బస్సెక్కిన కుర్రాడు ఒకే నెలలో రెండు ఊళ్లలో రెండు సంతకాలు పెట్టలేని ఏర్పాటు ముందు చేసి చూపించమనండి. జబ్బు అంటించడానికి అనుమతి ఆ తర్వాత అడగవచ్చు.